నాలుగో పీఠం కజిమేరాది

జనవరిలో కొత్త క్యాలెండర్ చేతికి రాగానే మా వాళ్ళు ముందుగా వెతికేది దేవుని దేహం పండగ ఏ తారీఖున పడిందా అని. భక్తితో అనుకునేరు, కాదు. ఆ పండగ ఎప్పుడూ గురువారమే వస్తుంది. శుక్రవారం ఒక్కరోజు సెలవు పెడితే శని, ఆదివారాలు కలిసి నాలుగు రోజులు చేతిలో పడతాయి. ఇక కారు మీద సైకిళ్ళు కట్టుకుని ఒకడు సరస్సులకి, ఇంకొకడు సముద్రానికి. మే నెల మొదట్లోనూ ఇదే తంతు. ఒకటిన కార్మికుల సెలవు, మూడున రాజ్యాంగం సెలవు, మధ్యలో రెండో తారీఖుని ఎలాగోలా మింగేస్తారు. ముప్పై ఏళ్ళు మా ఊరి బస్ స్టేషన్లో టికెట్ల కిటికీ వెనక కూర్చున్నదాన్ని, ఎవరు ఏ పండక్కి ఎటు పారిపోతారో నన్నడగండి. నాకు పండగలంటే పడకపోవడం కాదు. పండగ చేసుకునేవాళ్ళు ఒకరు, చాకిరీ చేసేవాళ్ళు ఇంకొకరు కావడమే పడదు.

ఆ చాకిరీ చేసే మనిషి మా బిల్డింగులోనే ఉంది. పేరు కజిమేరా, దగ్గరివాళ్ళం కజియా అంటాం. తను మూడో అంతస్తు, నేను కింది అంతస్తు. నలభై ఏళ్ళుగా ఒకరి ఉప్పు ఒకరం అడుక్కుంటున్నాం. మా బిల్డింగుకి లిఫ్ట్ లేదు, ఇక రాదు కూడా.

కజిమేరా ఊరి ఆసుపత్రి లాండ్రీలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసింది. రోగులకి పండగల్లేవు కదా, దుప్పట్లకీ ఉండవు. పండగ పూట డ్యూటీ ఎవరికి వేయాలన్న మాట వచ్చినప్పుడల్లా ఒకటే జవాబు: "కజియాకి పిల్లల్లేరుగా, తను వస్తుందిలే." తను కూడా కాదనేది కాదు. క్రిస్మస్ ముందురోజు ఊరంతా పన్నెండు వంటకాల చుట్టూ కూర్చున్న వేళ తను మురికి దుప్పట్లు యంత్రంలో కుక్కుతూ ఉండేది. ఈస్టర్ సోమవారం వీధిలో జనం ఒకరిమీద ఒకరు నీళ్ళు కుమ్మరించుకుని కేకలు పెడుతుంటే, తనకి నీళ్ళ చప్పుడంటేనే విసుగు. నవంబరు ఒకటిన అందరూ పగలే సమాధుల దగ్గరికి వెళ్ళి చామంతులు పెట్టి దీపాలు వెలిగిస్తారు. తను డ్యూటీ దిగాక వెళ్ళి, మిగిలిన చోట తన దీపం పెట్టి వచ్చేది. ఒకసారి అడిగాను, నీకు ఏ పండగ ఇష్టమే అని. "ఏ పండగా లేని మంగళవారం" అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

ఇంత విసుగున్న మనిషికి పీఠం ఎలా అంటుకుందో చెప్పాలి. దేవుని దేహం పండగనాడు ఫాదర్ సత్ప్రసాదాన్ని, దేవుని దేహమని కొలిచే రొట్టెని, పందిరి కింద పట్టుకుని ఊరేగింపుగా వీధుల్లోకి వస్తాడు. దారిలో నాలుగు చోట్ల, ఆ ఒక్కరోజుకని వీధివాళ్ళు కట్టే నాలుగు పూజా పీఠాలు. ఒక్కో పీఠం దగ్గర ఆగి సువిశేషం చదువుతారు, జనం తారురోడ్డు మీదే మోకరిస్తారు, దీవెన అందుకుని ముందుకి కదులుతారు. ముప్పై ఏళ్ళ కిందట దారి మార్చి ఊరేగింపుని మొదటిసారి మా వీధికి తెచ్చినప్పుడు, నాలుగో పీఠం మా బిల్డింగు ముందు పడింది. కజిమేరా మొగుడు ఎడ్మండ్ ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పనివాడు. ఉత్సాహంకొద్దీ చెక్కతో పెద్ద చట్రం చేశాడు, విడదీసి నేలమాళిగలో దాచుకునేలా. మొదట్లో బిల్డింగంతా కలిసే కట్టేవాళ్ళు. ఒకళ్ళు పూలు, ఒకళ్ళు కొవ్వొత్తులు, ఒకళ్ళు కేకు. తర్వాత ఒక్కొక్కళ్ళే ముఖం చాటేశారు. ఎడ్మండ్ పోయి పదకొండేళ్ళు. చట్రం మాత్రం ఉంది, ఆ నేలమాళిగ తాళంచెవి కజిమేరా మెడకి పడింది.

నేనా? నేను కిటికీలోంచి చూసేదాన్ని. చర్చికి ఏడాదిలో రెండుసార్లు వెళ్ళే రకాన్ని నేను.

అయిదారేళ్ళుగా ప్రతి జూన్‌లోనూ తను అనే మాట ఒకటే: "ఇర్మా, ఇదే ఆఖరు. ఇంక నావల్ల కాదు." నా పేరు ఇర్మీనా, తను ఇర్మా అంటుంది. "ఎవరికైనా అప్పజెప్పెయ్యవే" అంటే, "ఎవరికి?" అనేది. నిజమే, ఎవరికి? ఎవరూ వద్దనరు. అందరికీ పీఠం కావాలి, కట్టే మనిషీ కావాలి, ఆ మనిషి తాము కాకుంటే చాలు.

ఇక మోకాలు. కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది, మార్చాలన్నారు. పెద్దాసుపత్రిలో పేరు రాయించుకుంటే ఏళ్ళ తరబడి వరస. మూడేళ్ళ కిందట ఒక జూన్‌లో ఉన్నట్టుండి ఫోన్ వచ్చింది, ఒక మంచం ఖాళీ అయింది, వస్తారా అని. సరిగ్గా పండగ వారం. కజిమేరా "గురువారం అయ్యాక రావచ్చా?" అని అడిగింది. "అయ్యాక అంటే మళ్ళీ వరస చివర నిలబడాలమ్మా" అంది అవతలి ఆవిడ. సరే, నిలబడతానంది. నాకు నెల తర్వాత తెలిసింది. ఒంటికాలి మీద లేచాను. "నీకు బుద్ధుందా? చెక్కముక్కల కోసం కాలు పోగొట్టుకుంటావా?" అంటే, "నేను లేకపోతే అది నిలబడదే" అంది. ఆ ఒక్క వాక్యం మీద మూడేళ్ళు మెట్లెక్కింది. ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో సంచీ. ప్రతి మలుపు దగ్గరా ఆగేది. నా తలుపు సందులోంచి ఆ ఆగడం వినిపించేది. వినీ వినీ నాకే మోకాలు నొప్పి పుట్టేది.

ఈ జూన్‌లో, పండక్కి ముందు శుక్రవారం మధ్యాహ్నం, ఆకుకూర సూప్ గిన్నెతో పైకి వెళ్ళాను. తను ఫోన్లో ఉంది. "మంగళవారమా... బుధవారం ఆపరేషనా..." అంటోంది. అవతలి గొంతు నాకూ వినబడుతోంది, ఖంగుమని.

"నలుగురిని అడిగామమ్మా. సెలవుల్లో ఆసుపత్రిలో పడుకోమంటే ఎవరొస్తారు? ఒకాయన పడవ అద్దెకి తీసుకున్నాట్ట. మీరైనా వస్తారా, ఆరో మనిషిని అడగమంటారా?"

"గురువారం అయ్యాక..." అని కజిమేరా మొదలుపెట్టింది.

గిన్నె బల్లమీద పెట్టి ఫోన్ లాక్కున్నాను. "వస్తుంది! మంగళవారం పొద్దున్నే ఉంటుంది. రాసుకోండి. నేనెవరా? అక్కయ్యని" అని అబద్ధమాడి పెట్టేశాను.

"ఎవరే నువ్వు, నా తరఫున మాట ఇవ్వడానికి?" అంది.

"నీ మోకాలి చప్పుడు వినేదాన్ని. చాలదా?"

"మరి పీఠం?"

"తగలబెట్టు పీఠాన్ని."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మొగుడు చేసిన చట్రం కదా. తను సూప్ గిన్నె నా చేతిలో పెట్టి తలుపు తీసింది. నేను కదల్లేదు. దాంతో తనే అంది, "కట్టే మనిషి దొరికితే వెళ్తా. దొరక్కపోతే నువ్వే వాళ్ళకి ఫోన్ చేసి రానని చెప్పు."

శనివారం ఇద్దరం తలుపులు కొట్టాం. చాలా తలుపుల వెనక పెట్టెలు సర్దుతున్నారు. రెండో అంతస్తు సిల్వెస్టర్ మంచివాడు, దుక్కలా ఉంటాడు, గోడలకి టైల్స్ వేసే పని. తలుపు తీసేసరికి చేతిలో తెడ్డు.

"కజిమేరా గారూ, మీరడిగితే కాదంటానా? కానీ బుధవారం పొద్దున్నే లేక్‌కి పోతున్నాం. మా ఆవిడ ఫిబ్రవరిలోనే బుక్ చేసేసింది. రద్దు చేస్తే నన్ను అక్కడే ముంచేస్తుంది."

"ముంచనీ, నీకు ఈతొచ్చుగా" అన్నాన్నేను.

"ఇర్మీనా గారూ, మీరు మరీను! సరే, ఒక పని చేస్తా. మంగళవారం ఆవిణ్ణి ఆసుపత్రిలో దింపుతా. వచ్చేటప్పుడు పీఠం పక్కన నిలబెట్టడానికి అడవిలోంచి బర్చ్ చెట్టు కొమ్మలు కూడా తెచ్చి పడేస్తా. అంతకన్నా నన్నడక్కండి."

"బర్చ్ గురువారం తెల్లారుజామున కొట్టాలి నాయనా, లేకపోతే ఆకు నిలవదు" అంది కజిమేరా.

"గురువారం తెల్లారేసరికి నేను నీళ్ళల్లో ఉంటానండీ."

అంతే. మిగతా తలుపులు ఇంతకంటే తియ్యగా మాట్లాడి ఇంతకంటే త్వరగా మూసుకున్నాయి. ఆదివారం పూజ అయ్యాక కజిమేరా ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. పది నిమిషాల్లో వచ్చింది, ముఖం పాలిపోయి.

"ఏమన్నాడే?"

"చాలా మర్యాదగా మాట్లాడారు. 'మీరు కాలు చూసుకోండమ్మా, నాలుగో పీఠం చర్చి మెట్లమీదే పెట్టేద్దాం, ఎండలు కదా, త్వరగా అయిపోతుంది' అన్నారు." బెంచీ మీద నా పక్కన కూలబడింది. "త్వరగా అయిపోతుందట ఇర్మా. ఒక్కసారి మన వీధి తప్పిందంటే ఇంక రాదు. నాకు తెలుసు. ఫోన్ చెయ్యి వాళ్ళకి, రానని చెప్పెయ్యి."

అలసిపోయిన మనిషి మొండితనం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. గొంతు పెంచదు, వాదించదు, కదలదు. నాకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. "నేను కడతా" అనేశాను.

"నువ్వా?" అంది. మొదటిసారి నవ్వింది. "నువ్వు పూజకే రావు!"

"మేకు కొట్టడానికి పూజ ఎందుకే?"

"పొద్దున ఆరింటికి లేవాలి."

"టికెట్ల కిటికీ నాలుగున్నరకి తెరిచేదాన్ని. నువ్వు నాకు చెప్పకు."

లోపలికి తిరిగి వెళ్ళి ఫాదర్‌కి నేనే చెప్పాను, వీధి మార్చక్కర్లేదని. ఆయన "దేవుడు మంచివాడమ్మా" అన్నాడు. దేవుడి సంగతేమో గానీ నేను మంచిదాన్ని కాదు, అందుకే ఆ సాయంత్రం నుంచీ తల ప్రాణం తోకకొచ్చింది. కజిమేరా నేర్పడం మొదలుపెట్టింది. చట్రం మీద కప్పే దుప్పట్లకి గంజి ఇంత చిక్కగా, మడతలు ఇటు తిరగాలి, మధ్యలో పెట్టే దేవుడి పటం ముందుకి ఒక పిసరు వంగాలి, లేకపోతే అద్దంలో సూర్యుడు మెరిసి ఫాదర్ కళ్ళల్లో పడతాడు. పియొనీ పూలు తోటలో పూలు పెంచే ఆవిడ దగ్గర తేవాలి, మొగ్గల్ని బోర్లించి చీమలు దులపాలి. నాలుగు కొవ్వొత్తులకీ గాజు గొట్టాలు మరిచిపోకూడదు. "రాసుకో, రాసుకో" అంటుంది. రాసుకున్నాను. మంగళవారం పొద్దున సిల్వెస్టర్ కారెక్కుతూ కూడా అద్దం దించి, "కార్పెట్ దులుపు ఇర్మా!" అని అరిచింది. ఆపరేషన్‌కి వెళ్ళేదానిలా లేదు, పసిపిల్లని వదిలి వెళ్ళేదానిలా ఉంది.

సిల్వెస్టర్ మాట నిలబెట్టుకున్నాడు. అదే రోజు సాయంత్రం అటవీశాఖ మనిషి చూపించిన చోట పది లేత బర్చ్ మొక్కలు కొట్టి తెచ్చి, బిల్డింగు వెనక నీళ్ళ బకెట్లలో నిలబెట్టి పోయాడు. బుధవారం మధ్యాహ్నానికే ఆకులు వేలాడాయి. పైన నీళ్ళు చల్లాను, తడిగుడ్డలు చుట్టాను, తిట్టాను కూడా. గురువారానికి వాటి చివర్లు గోధుమరంగుకి తిరిగాయి. చట్రం మోయడానికి గ్యారేజీల దగ్గర బీరు తాగే ఇద్దరిని పట్టుకున్నాను. సెలవులకి ఎక్కడికీ వెళ్ళని మగవాళ్ళు ఆ ఇద్దరే మిగిలారు. బాగానే నిలబెట్టారు, కాస్త ఎడమకి వాలింది అంతే. గంజి ఎక్కువై దుప్పటి అట్టలా నిలబడింది. పియొనీలు సగం రాలిపోయాయి. పటం వంచడం మరిచిపోయాను. గాజు గొట్టాలు ఎక్కడ పెట్టిందో దొరకలేదు, గాలికి నాలుగు కొవ్వొత్తుల్లో మూడు ఆరిపోయాయి. పదిన్నరకి పీఠం ముందు నిలబడి చూసుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇన్నేళ్ళుగా తను ఇదంతా ఒంటిచేత్తో ఎలా చేసిందో నాకు అప్పుడు తలకెక్కింది. కిటికీలోంచి చూస్తూ వేళాకోళమాడినదాన్ని నేనే.

పదకొండుంపావుకి గంటలు వినిపించాయి. ముందు సిలువ, వెనక అగ్నిమాపక దళం బ్యాండు, తెల్ల గౌన్లలో చిన్నపిల్లలు బుట్టల్లోంచి రేకులు చల్లుతూ, ఆ వెనక పందిరి. ఎవరో ఒకరు ఇప్పుడు ఆగి, "ఇదేమిటి, కజిమేరా గారేరి?" అంటారు. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. మీరంతా సెలవులకి పోతే ఆవిడ కాలు కోయించుకోవడానికి పోయింది అని, అందరికీ వినబడేలా.

ఎవరూ అనలేదు. ఫాదర్ కళ్ళు చికిలించి సువిశేషం చదివాడు. జనం మోకరించారు, లేచారు, మోకాళ్ళు దులుపుకున్నారు. ఇక చివర్లో ఫాదర్ మైకు దగ్గరికి వచ్చి కాగితం తీశాడు. బ్యాండుకి కృతజ్ఞతలు, పోలీసులకి కృతజ్ఞతలు, "ఎప్పట్లాగే నాలుగో పీఠాన్ని ఇంత అందంగా అలంకరించిన మన కజిమేరా గారికి దేవుడు ప్రతిఫలమిచ్చుగాక." పోయినేటి కాగితం! ఆదివారం ఆయన ముందు నిలబడి సెలవడిగిన మనిషికి! నా పక్కన రెండు వీధుల అవతలుండే ఒకావిడ, "బంగారు చేతులు కదూ ఆవిడవి" అంది నాతోనే. మెడకాయ తిప్పి ఆవిడ ఉందా లేదా అనైనా చూడలేదు.

దీవెన ముగిసీ ముగియకముందే కొమ్మల మీద పడ్డారు. పీఠం బర్చ్ కొమ్మ ఇంట్లో ఉంటే పిడుగు పడదు, కాబేజీ మడిలో గుచ్చితే పురుగు పట్టదు అంటారు. ఆకులు వాడిపోయి ఉన్నాయని కూడా ఎవరికీ పట్టలేదు, విరుచుకుని చంకలో పెట్టుకున్నారు. ఏడు నిమిషాల్లో వీధి ఖాళీ. పది నిమిషాల్లో ఎక్కడో బొగ్గుల మీద సాసేజ్ కాలుతున్న వాసన వచ్చింది.

నాకు మొదట ఒళ్ళు మండింది. తర్వాత ఒక్కదాన్నే చట్రం విప్పుతుంటే ఇంకో ఆలోచన తోచి, తేలికైపోయాను. ఇంతేనా? ఇంత పాడుగా కట్టినా చాలా? అయితే కజిమేరా ఇక ఈ బరువు దింపుకోవచ్చు! ఎవరైనా కట్టొచ్చు, ఎలాగైనా కట్టొచ్చు. ఈ కబురు విని దాని ప్రాణం ఎంత హాయి పడుతుందో అనుకున్నాను. శుక్రవారం సెలవు టైమింగుల ప్రకారం నడిచే ఒకే ఒక్క బస్సు పట్టుకుని, ఒళ్ళో స్ట్రాబెర్రీల డబ్బాతో, దారి పొడుగునా అదే తలుచుకుని మురిసిపోయాను.

వార్డులో మూడు మంచాలు, రెండు ఖాళీ. కజిమేరా చిన్నదైపోయినట్టు కనిపించింది. కాలికి పెద్ద కట్టు.

"నిలబడిందా?" అంది, నన్ను కూర్చోనివ్వకుండా.

"నిలబడింది. కొంచెం వంకరగా."

"బర్చ్?"

"వాడిపోయింది. దుప్పటి అట్టలా ఉంది. పటం వంచలేదు, ఫాదర్ కళ్ళు చికిలించుకునే చదివాడు." ఒక్కొక్కటీ నవ్వుతూ చెప్పాను. "అయినా ఎవడికీ పట్టలేదే! ఒక్కరంటే ఒక్కరు చూడలేదు. పైగా ఫాదర్ ఎవరికి కృతజ్ఞతలు చెప్పాడో తెలుసా? నీకు! పేరు పెట్టి మరీ!"

తను నవ్వలేదు. "నాకా? నేను లేనని ఆయనకి తెలుసుగా."

"మరిచిపోయాడు. పోయినేటి కాగితం చదివేశాడు."

"ఎవరూ అడగలేదా, నేనెక్కడా అని?"

బస్సులో ఇంకో జవాబు కూడా అనుకోకపోలేదు. అందరూ అడిగారు, అందరూ బెంగపడ్డారు అని చెప్పొచ్చు. కానీ నిజమే తనకి విడుదల అనుకున్నాను నేను.

"ఎవరూ అడగలేదే. అదే కదా చెప్తున్నా. నువ్వు లేకపోయినా జరిగిపోయింది. ఇంక ఆ బెంగ తీసి అవతల పారెయ్యి."

కజిమేరా కిటికీ వైపు తల తిప్పింది. "అయితే ఆ ఏడు వాళ్ళు పిలిచినప్పుడే వెళ్ళిపోవాల్సింది" అంది.

ఏ ఏడో అడగక్కర్లేదు.

"మూడేళ్ళు, ఇర్మా" అంది. "రోజుకి రెండుసార్లు. మెట్లెక్కడం, దిగడం."

ఇక ఏడ్చింది. ఎడ్మండ్‌ని పూడ్చిన రోజు కూడా ఏడవని మనిషి, దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను చెయ్యి పట్టుకున్నాను. నా నోరు పడిపోయినా బాగుండేదనిపించింది. ఒక్క అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. ఫోన్లో ముక్కూ ముఖం తెలియని ఆవిడతో ఆడినదాన్ని, దీనితో ఆడలేకపోయాను.

చప్పుడికి నర్సు వచ్చింది. "నొప్పి ఎక్కువగా ఉందా అమ్మా? మోకాలేనా?" అంది.

కజిమేరా కళ్ళు మూసుకునే తలూపింది. నర్సు ఇంజెక్షన్ తెచ్చి ఇచ్చి, ఇంకో అరగంటలో తగ్గిపోతుందని చెప్పి వెళ్ళింది.